పదకొండు మెట్ల పశువుల ఆసుపత్రి

మా శాఖలో చేరినవాళ్ళకి మొదటి రోజే ఒక మాట చెబుతారు. భూమి మీద ఉన్నదానికీ డ్రాయింగులో ఉన్నదానికీ తేడా వస్తే, పొరపాటు భూమిది. భూమి మీద ఎవరి సంతకమూ ఉండదు, తేదీ ఉండదు, ఆమోదించిన అధికారి ముద్ర ఉండదు. డ్రాయింగు మీద ఇవన్నీ ఉంటాయి. నేను ఈ మాట నమ్మాను. నమ్మబట్టే ఇన్నేళ్ళుగా క్లెయిముల విభాగానికి సూపరింటెండెంటుగా నెట్టుకొస్తున్నాను. కాంట్రాక్టర్లు చాటుగా నన్నేమంటారో నాకు తెలుసు. చాటుగా అన్న మాటలు రికార్డులోకి ఎక్కవు గనక నేను పట్టించుకోను.

క్లెయిము అంటే ఏమిటో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళ కోసం చెబుతాను. ప్రభుత్వం ఒక గోడ కట్టమని కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకుంటుంది. తవ్వబోతే అక్కడ పాత బావి బయటపడుతుంది. అతను గోడని కాస్త పక్కకి జరిపి, పునాది లోతు పెంచి, "ఒప్పందంలో లేని పని చేశాను, దాని ఖరీదు ఇప్పించండి" అని అర్జీ పెట్టుకుంటాడు. అదే క్లెయిము. ఇవ్వకుండా ఉండటానికి తగిన కారణం వెతకడం మా పని. ఇందులో మాకు ఎవరి మీదా కక్ష లేదు.

ఈ ఏడాది ఎండాకాలంలో పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. "ఏదైనను మారినదని చెప్పుటకు, మారక ముందు అది ఉండి తీరవలెను. మూలము నిర్మింపబడని చోట మార్పు జరిగినట్లు భావింపరాదు. నోటిమాటపై ఏ పనియు చేయింపరాదు, చేయరాదు" అని అందులో ఉంది. మా ఎస్.ఇ. దక్షిణామూర్తి గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎంత తేటగా చెప్పారయ్యా! ఇన్నాళ్ళూ మనకెందుకు తట్టలేదు?" అన్నారు.

ఎస్.ఇ. అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు, మా సర్కిల్ ఆఫీసుకి పెద్ద. క్లెయిముల కమిటీకి ఆయన అధ్యక్షుడు. ఆడిట్ అధికారి భుజంగరావు గారు సభ్యుడు. నేను కార్యదర్శిని, అంటే మినిట్సు రాసేవాణ్ణి, టీలు చెప్పేవాణ్ణి.

ఆ సర్క్యులర్ వచ్చాక మా ముందుకొచ్చిన మొదటి కేసు రావులకొల్లు పశువుల ఆసుపత్రి.

రావులకొల్లులో ఆసుపత్రికి కేటాయించిన స్థలం పల్లం. గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. అందుకని మా డిజైన్ల విభాగం వాళ్ళు పునాదిని నిలువెత్తు లేపారు. అంత ఎత్తు లేపాక పైకి వెళ్ళడానికి దారి ఉండాలి గనక ముందువైపు పదకొండు మెట్లు గీశారు. నిజం చెప్పాలంటే ఆ డ్రాయింగు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కోసం గీసింది. పైన పేరు మార్చారు. రిజిస్ట్రేషన్‌కి వచ్చేవాళ్ళు మెట్లెక్కగలరు కదా, పశువులు ఎందుకెక్కవు అని ఎవరూ అడగలేదు. ప్రభుత్వ భవనం అన్నాక మెట్లు ఉండాలి. నాలుగు మెట్లెక్కి ఆయాసపడితేనే మనిషికి ఆఫీసుకి వచ్చానన్న భయం కలుగుతుంది.

ఆ పని పాడుకున్న కాంట్రాక్టరు ఉప్పుటూరి చెంచయ్య. నవ్వుమొహం మనిషి, గోడ నిలువు చూసేటప్పుడు మాత్రం నవ్వడు. గోడలు, పైకప్పు, వరండా అన్నీ డ్రాయింగు ప్రకారమే కట్టుకొచ్చాడు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళో బర్రెలున్నవాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారట. పశువుల డాక్టరు సలోమి గారు ముందు నిలబడి, "చెంచయ్య గారూ, కాలిరిగిన ఎద్దుని నేను ఈ మెట్ల మీంచి ఎట్లా తీసుకెళ్ళాలో కాస్త చెప్పండి" అన్నారట. చెంచయ్య అక్కడే ఉన్న మా ఏ.ఇ. మొహం చూశాడు. ఏ.ఇ. అంటే పని దగ్గర ఉండి చూసుకునే చిన్న ఇంజనీరు. "నువ్వు ర్యాంపు కానియ్యి, కాగితాలు నేను చూసుకుంటా" అని ఆ ఏ.ఇ. అన్నాడు. అన్న వారానికే బదిలీ మీద వెళ్ళిపోయాడు.

చెంచయ్య రాతితో ఏటవాలుగా ర్యాంపు కట్టాడు. గిట్టలు జారకుండా పైన అడ్డంగా గాళ్ళు కొట్టించాడు. చూసినవాళ్ళు బాగుందన్నారు. అతను క్లెయిము పెట్టాడు. క్లెయిము తేలేదాకా ఆఖరి బిల్లు తేలదు, ఆఖరి బిల్లు తేలేదాకా భవనాన్ని పశుసంవర్ధక శాఖకి అప్పగించకూడదు. అందుచేత తలుపులకి తాళం వేసి, తాళంచెవి నా బీరువాలో పెట్టాం. సలోమి గారు ఎదురుగా వేపచెట్టుకీ ప్రహరీ గోడకీ టార్పాలిన్ కట్టుకుని, కొత్త భవనాన్ని చూసుకుంటూ పశువులకి సూదులు వేస్తున్నారు.

విచారణ రోజున చెంచయ్య ఒక్కడే రాలేదు. వెంట ఒక యాభై ఏళ్ళావిడ వచ్చింది.

"ఈవిడెవరు?" అన్నారు ఎస్.ఇ. గారు.

"మాలకొండమ్మక్కండీ. బర్రెల మీదే ఇల్లు నడుపుకుంటది. మాదీ ఆ ఊరే. ర్యాంపు ఎందుకు కావాలో తను చెబుద్దని తీసుకొచ్చా."

మాలకొండమ్మ దణ్ణం పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు. "సారూ, పోయిన వానల్లో మా చుక్క ఈనింది. దూడ అడ్డం తిరిగింది. ఆ పట్ట కింద డాక్టరమ్మ బురదలో మోకాళ్ళ మీద కూసోని చెయ్యగలిగిందంతా చేసింది. లైటు లేదు, నీళ్ళు లేవు. దూడ నా ఒళ్ళోనే చల్లబడింది. ఇప్పుడు చుక్క మళ్ళా నిండు చూలు. అది ఈనేలోపల ఆ తలుపులు తీయించండి. ఇంకేం వద్దు నాకు."

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ కష్టంగా అనిపించినట్టు మినిట్సులో రాసే ఆనవాయితీ లేదు.

"అమ్మా, నీ ఆవేదనను ప్రభుత్వం సానుభూతితో పరిశీలిస్తుంది," అన్నారు ఎస్.ఇ. గారు. "అయితే ముందుగా మూలము సంగతి తేలాలి. చెంచయ్యా, మెట్లకు బదులుగా ర్యాంపు కట్టానంటున్నావు. మెట్లు ఎక్కడున్నాయి?"

"మెట్లు కట్టలేదండీ. వాటి చోటే ర్యాంపు కట్టా."

"మెట్లే లేనప్పుడు బదులు అనే మాట ఎలా వస్తుందయ్యా? చొక్కా మార్చుకున్నానంటే ముందు ఒక చొక్కా తొడుక్కుని ఉండాలి కదా!"

భుజంగరావు గారు ఎంతో తృప్తిగా తలూపారు. చెంచయ్య నా వైపు చూశాడు. నేను సర్క్యులర్ తీసి, గీత గీసిన చోట వేలు పెట్టి చూపించాను.

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు సార్?"

ఎస్.ఇ. గారు వేళ్ళు మడుస్తూ ఓపిగ్గా చెప్పారు. "మొదట డ్రాయింగు ప్రకారం మెట్లు కడతావు. అప్పుడు మూలం ఏర్పడుతుంది. తరువాత సదరు మెట్లు పశువులకు పనికిరావని కమిటీ ఎదుట నిరూపిస్తావు. నిరూపణ జరిగిన పిమ్మట మార్పుకు ఆదేశం ఇస్తాం. అప్పుడు ర్యాంపు కడతావు. క్లెయిము ఇస్తాం. ఎంత సులువో చూడు."

"సార్, మెట్ల చోట ఇప్పుడు ర్యాంపు ఉంది గదండీ."

"తీసెయ్యి."

"ఉన్న ర్యాంపు పగలగొట్టి, మెట్లు కట్టి, మళ్ళా ర్యాంపు కట్టాలంటారు."

"సరిగ్గా గ్రహించావు."

"మరి పగలగొట్టిన ఖర్చు?"

ఇక్కడ భుజంగరావు గారు ముందుకి వంగారు. ఆయన మాట్లాడితే తక్కువ మాట్లాడతారు, ఆ తక్కువలోనే అవతలివాళ్ళకి చెమటలు పడతాయి. "దేన్ని పగలగొట్టిన ఖర్చు? రికార్డు ప్రకారం అక్కడ ర్యాంపు లేదు. లేనిదాన్ని పగలగొట్టానని బిల్లు పెడితే దాన్ని బోగస్ బిల్లు అంటారు. నీ మంచి కోరి చెబుతున్నా."

మాలకొండమ్మ చెంచయ్య చొక్కా పట్టుకుని లాగింది. "పదవయ్యా, కట్టిపారెయ్యి మెట్లు. తగూలాడతా కూసుంటే చుక్క ఆగుద్దా?"

చెంచయ్య తన చేత్తో కట్టిన ర్యాంపుని తనే పగలగొట్టించాడు. ఆ రోజు అన్నం తినలేదని తరవాత ఎవరో చెప్పారు. పగలగొట్టిన రాళ్ళు కుప్ప పడ్డాయి, వాటిని ట్రాక్టర్‌తో బయటికి తోలించడానికి అనుమతి కోరుతూ ఉత్తరం రాశాడు. జవాబు నేనే తయారుచేశాను. "సదరు స్థలమున శిథిలములు ఏవియు ఉండుటకు అవకాశము లేనందున, వాటిని తరలించుటకు అనుమతి మంజూరు చేయుట సాధ్యపడదు." ఎస్.ఇ. గారు ఈ వాక్యాన్ని మెచ్చుకుని, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. రాళ్ళు వరండాకి రెండు పక్కలా గుట్టలుగా ఉండిపోయాయి.

మెట్లు లేచాయి. నున్నగా, తిన్నగా, డ్రాయింగులో ఉన్నట్టే ఉన్నాయి. ఇక నిరూపణ మిగిలింది.

దానికి ప్రొఫార్మా నేనే తయారుచేశాను. ఇందులో నాకు కొంత పేరుంది. పశువు జాతి, యజమాని పేరు, మెట్లెక్కుటకు అవకాశము కల్పింపబడినదా, ఎక్కినదా లేక ఎక్కలేదా, కమిటీ అభిప్రాయము. ఒక్క పేజీలో పట్టేలా కుదించాను. పశువుని ఎలా పేర్కొనాలన్న దాని మీద కొంత చర్చ జరిగి, చివరికి "లబ్ధిదారు పశువు" అని ఖాయం చేశాం.

మేము రావులకొల్లు చేరేసరికి ఆకాశం మబ్బు పట్టి ఉంది. పెద్ద అధికారులు వస్తున్నారని ఊరివాళ్ళు వాళ్ళకి తెలిసిన మర్యాదంతా చేశారు. వరండా కడిగి ముగ్గేశారు. కుర్చీలు వరండాలోనే వేశారు, మేము పైనుంచి చూస్తే పశువు ఎక్కలేకపోవడం బాగా కనపడుతుందని. గుమ్మానికి మామిడాకుల తోరణం, అటూ ఇటూ నిండు ఆకులతో రెండు అరటిచెట్లు కట్టారు. మేం ముగ్గురం పదకొండు మెట్లూ ఎక్కి కుర్చీల్లో కూలబడ్డాం. ఎస్.ఇ. గారికి మోకాలి ఆపరేషను అయి ఎంతో కాలం కాలేదు. ఆయన ఆయాసం తీరేదాకా నిరూపణ ఆపాం. తాళంచెవి నా సంచిలో ఉంది. క్షేత్రానికి వెళ్ళేటప్పుడు భవనం తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉండాలని రూలు. దానితో తలుపు తియ్యాలని మాత్రం ఏ రూలూ లేదు.

కింద ఊరి పశువులన్నీ మేతకి వెళ్ళిపోయాయి. ఇంటి దగ్గర కట్టేసి ఉన్నది చుక్క ఒక్కటే, నిండు చూలు గనక. దాన్నే తోలుకురమ్మంటే సలోమి గారు ససేమిరా అన్నారు.

"రేపో మాపో ఈనే గేదె అండీ అది. దాన్ని మెట్ల దగ్గరికి తీసుకురావద్దు. వేరే రోజు పెట్టుకోండి."

"ఈ రోజు దాటితే కమిటీ మళ్ళీ దసరా తరువాతే," అన్నారు ఎస్.ఇ. గారు పైనుంచి.

మాలకొండమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుంది. "అది ఎక్కదులే డాక్టరమ్మా. వాకిట్లో అరుగే ఎక్కదు. కాసేపు ఇట్టా నిలబెట్టి తోలుకుపోతా. వాళ్ళు ఎక్కలేదని రాసుకుంటారు, ఇవాళే పని తెములుద్ది."

"అంతేగదక్కా, ఎక్కకపోవడమే మనక్కావాల్సింది," అన్నాడు చెంచయ్య. చాలా రోజుల తరవాత అతని మొహంలో నవ్వు కనపడింది.

చుక్క వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, నుదుటి మీద తెల్ల మచ్చతో, పొట్ట అటూ ఇటూ ఊగుతూ వచ్చి మెట్ల ముందు నిలబడింది. నేను పెన్ను తీసుకున్నాను. భుజంగరావు గారు గడియారం చూసుకున్నారు. చుక్క మెట్ల వైపు చూడనైనా చూడలేదు, తోకతో ఈగలు తోలుకుంటూ నిలబడింది. "ఎక్కలేదు" అని నేను సగం రాశాను కూడా.

అప్పుడు గాలి వీచింది. గుమ్మానికి కట్టిన అరటాకులు గలగలమన్నాయి. చుక్క తలెత్తింది.

మాలకొండమ్మ తాడు గట్టిగా పట్టుకునేలోపే మొదటి మెట్టు మీద గిట్ట పడింది. "ఏయ్, ఏయ్, నీకేం పోయేకాలం!" అని ఆవిడ అరుస్తూనే ఉంది. చెంచయ్య తోక పట్టుకోబోయి ఆగాడు, నిండు చూలు గొడ్డుని లాగడానికి మనసొప్పలేదు. చుక్క తొందరేమీ లేకుండా, ఒక్కొక్క మెట్టే, మా ఆఫీసుకి వచ్చే పెన్షనర్లలాగే మధ్యమధ్య ఆగుతూ, పదకొండూ ఎక్కేసింది. నేరుగా వెళ్ళి అరటాకు అందుకుని నమలడం మొదలుపెట్టింది.

ఎస్.ఇ. గారు లేచి నిలబడ్డారు. "ఎక్కినది!" అన్నారు.

"ఎక్కినది," అన్నారు భుజంగరావు గారు.

నేను రాసిన సగం కొట్టేసి, పక్కన సంతకం చేసి, "ఎక్కినది" అని రాశాను. కమిటీ అభిప్రాయము ఎస్.ఇ. గారే చెప్పారు. "మెట్లు లబ్ధిదారు పశువులకు మిక్కిలి అనువుగా ఉన్నట్లు ప్రత్యక్షముగా రుజువైనందున, మార్పు అవసరము లేదు. క్లెయిము తిరస్కరించడమైనది." ముగ్గురం సంతకాలు పెట్టాం. కింద చెంచయ్య రాళ్ళ గుట్ట మీద కూర్చుండిపోయాడు. ఊరివాళ్ళు అరటిచెట్లు కట్టినవాడి కోసం వెతుకుతున్నారు.

పెన్ను మూత పెడుతుండగా మాలకొండమ్మ గొంతు వినపడింది.

"ఎక్కింది సరే సారూ. దింపేది ఎట్టా?"

పశువుల సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదట. గొడ్డు ఎక్కమంటే ఎక్కుతుందిగానీ, మెట్ల మీంచి కిందికి చూస్తే దానికి భయం. చుక్క అరటాకులు పూర్తిచేసి వెనక్కి తిరిగింది, మెట్ల అంచుదాకా వచ్చింది, కిందికి చూసింది. బుస్సుమని వెనక్కి రెండడుగులు వేసింది. వెనక మా కుర్చీలున్నాయి. మేం గోడకి ఆనుకున్నాం.

"దిగుట గురించి ప్రొఫార్మాలో కాలమ్ లేదు," అన్నారు ఎస్.ఇ. గారు గోడకి ఆనుకునే.

"సారూ, కాలమ్ లేకపోతే అది దిగదా, దిగుద్దా?" అంది మాలకొండమ్మ.

మేము దిగుదామంటే ఉన్నవి ఆ మెట్లే, వాటి మొగలో, పై అంచునే, చుక్క. పక్కనుంచి దిగుదామంటే రెండు వైపులా రాళ్ళ గుట్టలు, కాలు పెడితే దొర్లుతున్నాయి. ఎస్.ఇ. గారు తన మోకాలి వైపు ఒకసారి చూసుకుని వెనక్కి వచ్చేశారు. చినుకులు మొదలయ్యాయి. చుక్క అటూ ఇటూ తిరిగి, ఒకసారి మూలిగి, సరిగ్గా మెట్ల మొగలో అడ్డంగా పడుకుంది.

సలోమి గారు చీర కుచ్చిళ్ళు దోపుకుని పరిగెత్తుకుంటూ మెట్లెక్కి, చుక్క పక్కనుంచి దూరి వచ్చారు. పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. "నొప్పులు మొదలయ్యాయి. ఇక దీన్ని కదిలించడానికి లేదు. మాలకొండమ్మా, పైకి రా!"

మాలకొండమ్మ వచ్చి చుక్క తల ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరు మా వైపు తిరిగారు. "నీళ్ళు కావాలి. లైటు కావాలి. దూడకి పొడి నేల కావాలి. మూడూ ఆ తలుపు వెనకున్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"అప్పగింత జరగని భవనం తలుపు తీస్తే స్వాధీనం చేసుకున్నట్టే," అన్నారు ఎస్.ఇ. గారు. ఆయన గొంతులో మునుపటి బిగువు లేదు. "స్వాధీనం చేసుకుంటే ఆఖరి బిల్లు ఇవ్వాల్సివస్తుంది. చాలా దూరం వెళుతుంది."

మాలకొండమ్మ ఎవరినీ తిట్టలేదు. నా వైపే చూస్తూ, "పోయినసారి కూడా ఇట్టాగే వాన సారూ," అంది.

నేను తాళంచెవి ఇవ్వలేదు. ఆ సంగతి స్పష్టంగా రికార్డు చేస్తున్నాను. మొదట తాళంచెవి నా సంచిలో ఉంది, అది మూలం. తరువాత డాక్టరు గారి చేతిలో ఉంది, అది మార్పు. మధ్యలో ఏం జరిగిందో కమిటీ చూడలేదు, ఇద్దరు సభ్యులూ ఆ సమయానికి వానని పరిశీలిస్తున్నారు.

లైటు వెలిగింది. కుళాయి తిప్పితే మొదట గాలి వచ్చి, తరవాత నీళ్ళొచ్చాయి. సలోమి గారు సెలైన్ సీసా ఒకటి భుజంగరావు గారి చేతిలో పెట్టి, "పైకెత్తి పట్టుకోండి, చెయ్యి దించొద్దు" అన్నారు. తన సర్వీసులో ఎవరి మాటా వినని భుజంగరావు గారు చెయ్యి దించలేదు.

ఎస్.ఇ. గారు కిందికి వంగి పిలిచారు. "చెంచయ్యా! ఈ పక్క కొసన తొందరగా ఒక ర్యాంపు లేపించవయ్యా. మేం దిగాలి, రేపు ఈ గేదె కూడా దిగాలి."

చెంచయ్య వానలో లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. "లేపిస్తా సార్. కాకపోతే సర్క్యులర్ చదివా. నోటిమాట మీద పని చేస్తే తప్పంట. రాసిస్తే మొదలుపెడతా."

ఎస్.ఇ. గారు నా వైపు చూశారు. నేను సర్క్యులర్ తీసి, గీత గీసిన చోట వేలు పెట్టి చూపించాను. ఆయన నిట్టూర్చి, ప్రొఫార్మా వెనక్కి తిప్పి, తన చేత్తోనే రాశారు. "వరండాపై ప్రస్తుతము ఉన్న అధికారులు మరియు పశువులు దిగుట నిమిత్తము, ఉన్న మెట్లకు అదనముగా, అత్యవసర ప్రాతిపదికన ర్యాంపు నిర్మించుటకు ఆదేశించడమైనది. పైనున్నవన్నియు దిగిన పిమ్మట సదరు ర్యాంపును తొలగించవలెను." కాగితాన్ని మడిచి కిందికి వేశారు. చెంచయ్య దాన్ని వానకి తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"ఇంకో మాట సార్. దేంతో కట్టమంటారు? క్వారీ నుంచి రాయి రావాలంటే రేపు సాయంత్రమవుద్ది."

"పక్కనే ఇన్ని రాళ్ళున్నాయి కదయ్యా!" అన్నారు భుజంగరావు గారు, సీసా ఎత్తి పట్టుకునే.

"ఎక్కడున్నాయి సార్? ఇక్కడ రాళ్ళే లేవని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది గదా."

భుజంగరావు గారు రాళ్ళ వైపు చూశారు, చుక్క కొమ్ముల వైపు చూశారు, తన చెయ్యి ఎంత లాగుతోందో చూసుకున్నారు. "ఉన్నాయి," అన్నారు. "నాకు కనపడుతున్నాయి."

నేను వెంటనే రాసుకున్నాను. "శిథిలములు ఉన్నట్లు ఆడిట్ వారు స్వయముగా కనుగొన్నారు." కింద చెంచయ్య ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పుకున్నట్టున్నాడు. "రాళ్ళున్నాయంటే, అవి రాలిన ర్యాంపు కూడా ఉన్నట్టే గదా సార్?" అని అడిగాడు. ఊరంతా కలిసి రాళ్ళు అందుకోవడం మొదలుపెట్టింది.

చీకటి పడకముందే రెండు పనులూ అయ్యాయి. పక్క కొసన ర్యాంపు వరండా అంచుని తాకింది. వరండాలో దూడ నేలని తాకింది. కాసేపు అది కదల్లేదు. మాలకొండమ్మ పమిటతో దాని ముక్కూ మూతీ తుడుస్తూ, పేరైనా పెట్టని దాన్ని ఏవేవో ముద్దుపేర్లతో పిలుస్తోంది. డాక్టరు దాని రొమ్ము గట్టిగా రుద్దారు. దూడ తుమ్మింది. ఎస్.ఇ. గారు పెద్దగా ఊపిరి వదిలారు, అంతసేపూ ఆయన బిగబట్టుకున్నారని అప్పుడు తెలిసింది.

"పెయ్యదూడ!" అని మాలకొండమ్మ కిందికి కేక వేసింది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది. నాకు కూడా కళ్ళు తడిశాయి. వానజల్లు వల్ల కాదని ఇక్కడ చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

మేం ముగ్గురం ఒకరి భుజం ఒకరు పట్టుకుని ర్యాంపు మీంచి దిగాం. ఎస్.ఇ. గారు కింద నేల మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి చూసి, "మోకాలికి చాలా హాయిగా ఉందయ్యా" అన్నారు.

చెంచయ్య క్లెయిము పాసయింది. పాసు చెయ్యక తప్పలేదు. మూలం ఉంది, మార్పుకి ఎస్.ఇ. గారి చేతిరాతలో ఆదేశం ఉంది, మొదటి ర్యాంపు శిథిలాలని ఆడిట్ వారే గుర్తించారు. తలుపు ఎలాగూ తెరుచుకుంది గనక భవనం స్వాధీనమైనట్టే. వారం తరవాత మాలకొండమ్మ స్టీలు డబ్బాలో జున్ను తెచ్చి ఆఫీసులో పెట్టింది. ఇది కానుక కిందికి వస్తుందా అని భుజంగరావు గారు చాలాసేపు ఆలోచించి, ఆలోచిస్తూనే తినేశారు.

ఇక మిగిలింది ఆదేశంలోని చివరి వాక్యం. పైనున్నవన్నీ దిగాక ర్యాంపుని తీసెయ్యాలి. నేను నెలనెలా సలోమి గారికి ఉత్తరం రాస్తుంటాను. "పైనున్నవన్నియు దిగినవా?" ఆవిడ తిరుగు టపాలో జవాబిస్తారు. "ఇంకా ఒకటి పైన ఉన్నది." అబద్ధమేమీ కాదు. కాలిరిగిన ఎద్దో, జ్వరమొచ్చిన మేకో, ఎప్పుడూ ఏదో ఒకటి ఆ ర్యాంపు మీంచి వెళ్ళి లోపల పడుకునే ఉంటుంది. నేను ఆ జవాబుని ఫైల్లో పెట్టి, "వేచి చూడవలెను" అని రాస్తాను.

మొన్న భుజంగరావు గారు ఆ ఫైలు తిరగేస్తూ ఆగారు.

"ప్రతి నెలా ఒకటి పైన ఉందంటోంది. అది ఆ రోజున్న పశువేనా, వేరే పశువా అని నువ్వెప్పుడూ అడగలేదేమయ్యా?"

"ప్రొఫార్మాలో ఆ కాలమ్ లేదండీ," అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. తరవాత ఫైలు మూసి, సంతకం పెట్టి, టీ చెప్పమన్నారు.